వానాకాలం జ్వరాల లెక్కలకు ముందు తేదీల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

హైదరాబాద్‌లో వానలు మొదలయ్యాక జ్వరాల కేసులు పెరుగుతాయి. ఆసుపత్రులు, ల్యాబులు పంపే ఫైళ్లను ఆర్, స్టాటా, ఎస్‌పీఎస్‌ఎస్ వంటి గణాంక సాఫ్ట్‌వేర్లలోకి ఎక్కించే పనీ దాంతోపాటే పెరుగుతుంది. ఆ హడావుడిలో తేదీలు తారుమారైతే డెంగీ ఏ వారంలో విజృంభించిందన్న ప్రశ్నకే తప్పు జవాబు వస్తుంది కనుక జూన్ రాకముందే సిద్ధపడాలి.

మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. కంప్యూటరులో ప్రాంతీయ సెట్టింగు అమెరికాదై ఉంటే, సీఎస్‌వీ ఫైలును (విలువలను కామాలతో విడదీసి రాసిన టెక్స్ట్ ఫైలును) డబుల్‌క్లిక్ చేసి తెరిచిన వెంటనే ఎక్సెల్ 03/08/2024ను మార్చి 8గా తీసుకుంటుంది. 13 నుంచి 31 వరకు ఉన్న రోజులు నెలగా కుదరవు కాబట్టి ఆ తేదీలు టెక్స్ట్‌గానే మిగిలి గడిలో ఎడమవైపున కనబడతాయి. వాటిని పట్టుకోవడం తేలికే. అసలు ప్రమాదం మొదటి 12 రోజులతోనే ఉంది. ఆగస్టు 1 నుంచి 12 వరకు నమోదైన కేసులు జనవరి 8, ఫిబ్రవరి 8, మార్చి 8 అంటూ డిసెంబరు 8 దాకా ఏడాదంతా చెల్లాచెదురైపోతాయి, ఏ హెచ్చరికా రాదు. నెలనెలా ఒకే తారీఖున కేసులు కనబడినా, ఇంకా రాని నెలల్లో రోగులు కనబడినా ఇదే జరిగిందని అనుమానించాలి. ఆ స్థితిలో ఎక్సెల్ వర్క్‌బుక్‌గా సేవ్ చేస్తే తప్పు తేదీయే స్థిరపడుతుంది.

అందువల్ల వచ్చిన ఫైలును ముట్టుకోకుండా భద్రపరచి, నకలును ఎక్సెల్‌లోని డేటా ట్యాబ్ ద్వారా తెప్పించుకొని, తేదీల కాలమ్‌ను టెక్స్ట్‌గానే ఉంచండి. సాఫ్ట్‌వేర్‌లో రోజు, నెల, సంవత్సరం అనే వరుసను మీరే చెప్పి, మార్చిన తేదీని కొత్త కాలమ్‌లో పెట్టండి, పాతదాన్ని తొలగించవద్దు. ఆర్ వాడేవారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి: తేదీ వరుసను చెప్పే కోడ్‌లో నాలుగంకెల సంవత్సరానికి పెద్ద వై (%Y) బదులు చిన్న వై (%y) రాస్తే 2024లోని మొదటి రెండంకెలే చదివి, ఏ ఫిర్యాదూ లేకుండా 2020 అని ఇస్తుంది. మార్చాక ఖాళీ అయిన గడులెన్నో లెక్కించి, అతి పాత తేదీని, అతి కొత్త తేదీని చూసి, మొదటి 12 రోజుల్లోని కొన్ని కేసులను కాగితపు రిజిస్టరుతో సరిపోల్చండి.

తేదీకి బదులు 45292 వంటి అంకె వస్తే కంగారుపడనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్లు తేదీని ఒక మూలతేదీ నుంచి గడిచిన రోజుల లెక్కగా దాచుకుంటాయి; ఎక్సెల్‌లో అది 2024 జనవరి 1. ఆర్ 1970 జనవరి 1 నుంచి లెక్కిస్తుంది కాబట్టి అదే అంకె అక్కడ 2094 జనవరి 2 అవుతుంది. ఆర్‌కు మూలతేదీగా 1899 డిసెంబరు 30 ఇస్తే సరిపోతుంది. స్టాటా, శాస్ (SAS) అనే మరో గణాంక సాఫ్ట్‌వేర్ 1960 జనవరి 1 నుంచి లెక్కిస్తాయి. పాత మాక్ ఎక్సెల్ ఫైళ్లలో 1904 నుంచి లెక్కించే పద్ధతి ఉంటే 1,462 రోజుల తేడా వస్తుంది.

ఫైళ్లు పంపేవారిని మే నెలలోనే కలిసి, తేదీని 2024-08-03 అనే రూపంలో రాయమని అడగండి. వారికి అది కుదరకపోతే నెల పేరును అక్షరాల్లో రాయించండి.