ఒక్క ఫైల్‌కి మాత్రం ఆర్క్ ఆపడం: నా అనుభవం

పాత ఆబ్జెక్టివ్-సీ లైబ్రరీ ఒకటి ఐఫోన్ యాప్‌లో కలపగానే, మెమరీని చేత్తో వదిలే రిలీజ్, ఆటోరిలీజ్ అని రాసిన ప్రతి లైన్ దగ్గరా ఎర్రర్లు. 2011లో ఆర్క్ (మెమరీని మన బదులు కంపైలరే చూసుకునే పద్ధతి) రాకముందు రాసిన కోడ్ అది; ఆర్క్ ఉంటే ఆ లైన్లు ఒప్పుకోదు. ఆ లైన్లు తీసేశాను, ఎక్స్‌కోడ్‌లో (ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఆపిల్ సాఫ్ట్‌వేర్) ఆర్క్ కన్వర్టర్ వాడాను, ప్రాజెక్ట్ మొత్తానికి ఆర్క్ ఆపాను; ఏదీ కుదరలేదు. చివరిది అసలు చేయకండి, మన సొంత ఫైళ్లన్నిటిలో మెమరీ లీకవుతుంది.

పనిచేసింది ఇది. ఎడమవైపు ప్రాజెక్ట్ పేరు నొక్కి, టార్గెట్స్‌లో యాప్‌ని ఎంచుకున్నాను. పైన బిల్డ్ ఫేజెస్, అందులో కంపైల్ సోర్సెస్ తెరిచాను. అక్కడ ఫైల్ పేరుకి ఎదురుగా కంపైలర్ ఫ్లాగ్స్ అనే ఖాళీ గడి ఉంటుంది, తొందరలో కంటికి ఆనదు. దానిమీద రెండుసార్లు నొక్కి హైఫన్, ఎఫ్ఎన్ఓ, హైఫన్, ఓబీజేసీ, హైఫన్, ఏఆర్‌సీ అని చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేశాను; ఆ ఒక్క ఫైల్‌కి ఆర్క్ ఆపమని దానర్థం. ఫైళ్లు ఎక్కువైతే కమాండ్ కీతో అన్నీ ఎంచుకుని ఎంటర్ నొక్కితే ఒకేసారి ఇవ్వొచ్చు. తర్వాత క్లీన్ చేసి బిల్డ్ చేస్తే ఎర్రర్లన్నీ పోయాయి, టెన్షన్ తీరింది.

నా ప్రాజెక్ట్‌లో ఒకటే టార్గెట్. మీకు రెండుంటే రెండింటిలోనూ విడివిడిగా పెట్టాలి. స్విఫ్ట్ ఫైళ్లకి ఇది వర్తించదు. ఆ పాత కోడ్‌లోనే లీక్ ఉంటే ఈ ఫ్లాగ్ దాన్ని సరిచేయదు, మెమరీ లీకులు చూపించే ఇన్‌స్ట్రుమెంట్స్ టూల్‌లో ఒకసారి చూసుకోండి.