వంటగట్టు కింద గూళ్ళకి బట్ట తెర

గోదావరి జిల్లాల్లో గట్టు కింద ప్లైవుడ్ తలుపులు పెట్టిస్తే, నాలుగు వానలు పడేసరికి ఉబ్బి బిగుసుకుంటాయి. బట్ట తెరకి ఆ బాధ లేదు. ఖర్చూ తక్కువే, మాస్తే ఉతుక్కోవచ్చు. కాకపోతే గాలాడేలా కుట్టాలి.

బట్ట నూలుదే తీసుకోండి. పాలిస్టర్ ముడతపడదు గానీ పోపు జిడ్డు పట్టిందంటే ఓ పట్టాన వదలదు, నిప్పు తగిలితే కరిగి చేతికి అంటుకుంటుంది. లేత రంగులు వద్దు, పసుపు మరక పోదు. రాజమండ్రి తాడితోటలో కోయించిన తాను బట్టయినా, బండారులంక నేత బట్టయినా కుట్టే ముందు రాత్రంతా నానబెట్టి ఆరేయాలి. లేదంటే మొదటి ఉతుకుకే అంగుళం పొట్టవుతుంది.

ఇక కొలత. గూడు వెడల్పు 4 అడుగులు, నేల నుంచి బండ అడుగు వరకు 30 అంగుళాలు అనుకుందాం. కుట్టాక తెర పొడవు 27 అంగుళాలే ఉండాలి. కింద 3 అంగుళాలు ఖాళీ. చాలామంది నేలకి ఆనేలా కుట్టించేది అందంగా ఉంటుందనే, కానీ ఇల్లు కడిగిన ప్రతిసారీ అంచు నీళ్ళు పీల్చుకుంటుంది. ఆషాఢ శ్రావణాల్లో అది ఆరదు. వారం తిరిగేసరికి అంచంతా నల్లమచ్చలు, ముక్కవాసన.

సిలిండర్ ఉన్న గూటికైతే ఈ ఖాళీ మరీ ముఖ్యం. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేలమీదే పేరుకుంటుంది. అక్కడ విడిగా చిన్న తెర వేసి, రెగ్యులేటర్ మీదకి చెయ్యి వెంటనే వెళ్ళేలా చూసుకోండి.

కుచ్చు రావాలంటే వెడల్పుకి ఒకటిన్నర రెట్లు, అంటే 72 అంగుళాలు. ఒక్కోటి 36 చొప్పున రెండు తెరలు. పక్క మడతలు కలిపి 38, పొడవుకి పైన ఒకటిన్నర, కింద రెండున్నర అంగుళాలు కలిపి 31 చొప్పున కత్తిరించాలి. 44 అంగుళాల పన్నా బట్టయితే 1.75 మీటర్లు సరిపోతుంది. పాత నేత చీర ఉంటే ఇంకా మంచిది: చీర అంచు కిందకి వచ్చేలా 28న్నర అంగుళాల ఎత్తున కోస్తే కింద మడతే అక్కర్లేదు, అంచు బరువుకి తెర నిటారుగా దిగుతుంది. మరీ పల్చటి చీరైతే రెండు పొరలు వేయండి.

పైన లంగా బొందు దూర్చే మడతలాంటిది కుట్టి, అందులో ప్లాస్టిక్ తొడుగున్న కర్టెన్ స్ప్రింగ్ దూర్చాలి. స్ప్రింగును గూడు వెడల్పు కంటే 2, 3 అంగుళాలు తక్కువ కోస్తేనే బిగువుగా నిలుస్తుంది. 5 అడుగులు దాటితే మధ్యలో జారుతుంది, అక్కడ అల్యూమినియం గొట్టం వాడండి.

కొక్కేలకి కడప బండ అంచున బెజ్జం వేయిస్తే పెచ్చు లేస్తుంది. పక్క గోడకే 6 ఎంఎం బెజ్జం, ప్లాస్టిక్ ప్లగ్. బండ అంచుకి 2 అంగుళాలు లోపలికి పెడితే గట్టు మీంచి కారే నీళ్ళు తెర మీద పడవు. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇనప కొక్కెం తుప్పు బట్టకి ఎక్కుతుంది, స్టీలువో ఇత్తడివో కొనండి.

ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ తెర వెనక పెట్టకండి, బుట్టలో బయటే ఉంచండి. ఉతకడానికి తీసినప్పుడు స్ప్రింగు కూడా బయటికి లాగి మడత లోపల చూడండి, బొద్దింకలు దూరేది అక్కడే.