సాయంత్రాలు కాల్స్‌కే పోతుంటే నేనేం చేశానంటే

మా ఆఫీసు విశాఖలో రుషికొండ ఐటీ కొండ మీద, క్లయింట్లేమో న్యూయార్క్‌లో. వాళ్లకు ఉదయం తొమ్మిదంటే మనకు సాయంత్రం 6.30, నవంబర్ నుంచి మార్చి దాకా వాళ్ల గడియారం మారి 7.30 అవుతుంది, కాబట్టి ఆఫీసయ్యాక ఆడుకుందాం అనేది మనకి కుదిరే పని కాదు.

మేనేజర్ గారిని తీరిక కావాలండీ అని అడగలేదు. ఏ కాల్‌లో నేను మాట్లాడాలి, ఏ కాల్‌లో ఊరికే మ్యూట్‌లో కూర్చుంటున్నా అని కొన్నాళ్లు రాసిపెట్టి ఆ కాగితం చూపించా. రెండో రకం వాటికి "నోట్స్ చదువుకుంటే చాల్లేమ్మా" అన్నారు. మంగళ, గురువారం రాత్రులు ఖాళీ అయ్యాయి.

ఆట పొద్దున్నకి మార్చా. తెల్లారే బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారుగా, కాళీమాత గుడి దగ్గర ఫ్రెండ్ నిలబడి ఉంటుంది (తను ఎదురుచూస్తోందంటేనే లేస్తా, లేకపోతే అంతే సంగతులు). ముందు షటిల్ అనుకున్నాం గానీ ఆ సముద్రపు గాలికి కాక్ ఎటు పోతుందో తెలీదు, ఇప్పుడు ఇసుకలో త్రోబాల్. లేట్ కాల్ ఉన్న మర్నాడు మాత్రం నిద్రే.

ఆటకెళ్తే పని మీద శ్రద్ధ లేదనుకుంటారేమోనని టెన్షన్ పడే చెల్లెళ్లూ, క్యాలెండర్‌లో కారణం రాయక్కర్లేదు, బిజీ అని పెట్టేయండి.