సాయంత్రం వెలగని లైటు, పొద్దున్న ఆరని లైటు: సెన్సార్ మార్చే ముందు చూడాల్సినవి

పర్లాకిమిడిలోనూ, కాశీనగరం, గుణుపురం వైపు పల్లెల్లోనూ నేను వైరింగు పనులు చేస్తుంటాను. వాకిలి లైటుకి, గుడి ఆవరణకి, రైస్ మిల్లు గేటుకి ఇప్పుడు అందరూ చీకటి పడగానే లైటు వేసి, తెల్లారగానే ఆర్పే డే-నైట్ సెన్సార్లు పెట్టిస్తున్నారు. దాంతో నాకొచ్చే ఫోన్లు కూడా మారాయి. "సెన్సార్ పోయింది, కొత్తది పట్టుకురా" అంటారు. ఇలా విప్పేసిన పాత సెన్సార్లను ఇంటికి తెచ్చి బల్ల మీద బల్బు కట్టి చూస్తుంటాను. చాలావరకు శుభ్రంగా పనిచేస్తాయి. తప్పు వాటిది కాదు, వాటిని పెట్టిన చోటుది, లేదా వాటి మీద వేసిన బరువుది, అంటే కరెంటు లోడుది. డబ్బులు పెట్టి కొత్తది కొన్నా, నెల తిరక్కుండా అదే రోగం మళ్లీ వస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ డబ్బాలో ఏముందో తెలియాలి. ప్లాస్టిక్ మూత కింద పాము మెలికల్లాంటి గీతలున్న చిన్న బిళ్ల కనిపిస్తుంది. అదే కన్ను, ఎల్‌డీఆర్ అంటారు. చాలా సెన్సార్లలో అది కాడ్మియం సల్ఫైడ్‌తో చేసింది. వెలుగు పడితే దాని రెసిస్టెన్స్ కొన్ని వందల ఓమ్‌లకు పడిపోతుంది, చీకట్లో లక్షల ఓమ్‌లకు ఎక్కుతుంది. ఈ తేడాని పట్టుకుని లోపలి సర్క్యూట్ ఒక చిన్న రిలేని, అంటే కరెంటుతో కదిలే స్విచ్‌ని, లాగుతుంది లేదా వదులుతుంది. ఆ 'టిక్' శబ్దం రిలేదే. లైట్లు ఎక్కువుంటే ఆ రిలే నేరుగా లైట్లని మోయదు, కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్ కాయిల్‌కి మాత్రం కరెంటు ఇస్తుంది. లైట్ల బరువంతా కాంటాక్టర్ మోస్తుంది. కన్ను, రిలే, కాంటాక్టర్. ఈ మూడింటిలో ఏది మొండికేసిందో తేలితే పని సగం అయినట్టే.

మూత తీసే ముందు ఎంసీబీ (బోర్డులోని బ్రేకర్ స్విచ్) దించండి. టెస్టర్ ఒక్కదాన్నే నమ్మకండి, మల్టీమీటర్‌తోనో టెస్ట్ ల్యాంపుతోనో చూసుకున్నాకే వైరు ముట్టుకోండి.

రాత్రంతా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ఎక్కువ అపార్థం కూడా దీని మీదే.

కిందటేడు కోట వీధి దగ్గర ఒక పెద్దావిడ కబురు పెట్టారు. "ఏటి బాబూ, ఈ లైటుకి పూనకం వచ్చినట్టుంది. వెలుగుతాది, ఆరుతాది, కంటి మీద కునుకు లేదు" అన్నారు. అప్పటికే ఎవరో రెండుసార్లు సెన్సార్ మార్చి వెళ్లారట. "పిన్నిగారూ, ఓ పది నిమిషాలు ఊరికే చూడనివ్వండి" అని అరుగు మీద కూర్చున్నాను. లైటు వెలిగింది. అర నిమిషం ఉంది. ఆరింది. మళ్లీ అర నిమిషానికి వెలిగింది. గడియారం పెట్టినట్టు అదే లెక్క.

ఆ లెక్కే అసలు సంగతి చెప్పింది. వైరు లూజైతే లైటు ఇష్టమొచ్చినట్టు మినుకుతుంది, గాలి వీస్తే ఇంకా ఎక్కువ. లెక్క ప్రకారం ఆరి వెలుగుతోందంటే సెన్సార్ తన లైటునే తను చూస్తోందని అర్థం. చీకటి పడిందని లైటు వేస్తుంది, ఆ వెలుగు కంట్లో పడగానే తెల్లారిందనుకుని ఆర్పేస్తుంది. పిన్నిగారి ఇంట్లో సెన్సార్ లైటుకి ఎదురుగా కూడా లేదు, పక్కకే ఉంది. కానీ సంక్రాంతికి గోడకి తెల్లసున్నం వేయించారు. ఫ్లడ్ లైటు వెలుగు ఆ గోడకి తగిలి, తిరిగొచ్చి కంట్లో పడుతోంది. సెన్సార్‌ని చూరు మీదికి ఎత్తి, కన్ను ఉత్తరం వైపు ఆకాశానికి తిప్పాను. లైటుకీ దానికీ మధ్య చిన్న పీవీసీ పైపు ముక్క కోసి అడ్డం పెట్టాను. కొత్త సెన్సార్ అక్కర్లేకపోయింది.

ఉత్తరం ఎందుకంటే, అటు ఎండ నేరుగా తక్కువ పడుతుంది, వెలుగు రోజంతా ఒకే తీరుగా ఉంటుంది. పడమటి ఎండ కంట్లో పడేలా పెడితే సూర్యుడు పూర్తిగా దిగేదాకా సెన్సార్ కదలదు. ఏళ్ల తరబడి ఎండ తగిలితే ఆ బిళ్ల కూడా దెబ్బతింటుంది.

రాత్రి పదింటికి గానీ వెలగదు

ఇదీ ఆ కోవదే, కాకపోతే వెలుగు పొరుగింటిది. ఎదురు దుకాణం ఎల్ఈడీ బోర్డు కంట్లో పడుతుంటే, షట్టరు దించేదాకా మీ లైటు వెలగదు. ఓ సాయంత్రం సెన్సార్‌కి మీ చెయ్యి అడ్డం పెట్టి నిమిషం ఆగండి. లైటు వెలిగితే కన్ను తిప్పడమే వైద్యం.

పున్నమి నాడు వెన్నెల వల్ల లైటు ఆగిపోతుందని మా వైపు కొందరు నమ్ముతారు. అది జరగదు. వెలుగుని లక్స్‌లలో కొలుస్తారు. నిండు పున్నమి వెలుగు ఒక లక్స్ కూడా ఉండదు. మామూలు సెన్సార్ లైటు వేసే హద్దు గీత పది లక్స్ చుట్టుపక్కల ఉంటుంది, ఆర్పే గీత ఇంకా పైన. ఈ రెండు గీతల మధ్య ఎడం కావాలనే ఉంచుతారు. లేకపోతే మునిమాపు వేళ సెన్సార్ ఎటూ తేల్చుకోలేక టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది.

మబ్బు పట్టగానే పట్టపగలు వెలుగుతుంది

రథయాత్ర రోజుల్లో, ఆషాఢం మబ్బుల్లో ఈ ఫోన్లు మొదలవుతాయి. "మబ్బేసింది కదా, వెలిగింది" అని సర్దుకుంటారు. సర్దుకోకండి. ఎండ కాసే మధ్యాహ్నం లక్ష లక్స్ ఉంటే, మబ్బు కమ్మిన మధ్యాహ్నం కూడా వేలల్లోనే ఉంటుంది. పది లక్స్‌కి వెలగాల్సింది అక్కడే వెలిగిందంటే కన్ను మసకబారినట్టే. మూత మీద దుమ్ము, కందిరీగ కట్టిన మట్టిగూడు, ఎండకి పసుపెక్కిన ప్లాస్టిక్. వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. తడిగుడ్డతో తుడవండి. ప్లాస్టిక్ పసుపెక్కి ఉంటే మాత్రం మార్చక తప్పదు, తుడిస్తే పోయేది కాదు. ఇలాంటి సెన్సార్ సాయంత్రం ముందే వేస్తుంది, పొద్దున్న ఆలస్యంగా ఆర్పుతుంది. బిల్లులో తేడా అక్కడ కనిపిస్తుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత నేను విప్పిన సెన్సార్లలో చాలా వాటి లోపల నీళ్లు నిలిచి, రిలే కాళ్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. అలాంటివి ఆరబెట్టి మళ్లీ బిగించడం దండగ.

పొద్దెక్కినా ఆరదు, టిక్ శబ్దం కూడా లేదు

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్త సెన్సార్లు నిజంగా కాలిపోయేది ఇక్కడే.

ముందు ఆటో-మాన్యువల్ స్విచ్ ఉందేమో చూడండి. రాత్రి ఎవరో మాన్యువల్‌లో పెట్టి మరిచిపోతే సెన్సార్ చేసేదేమీ లేదు. అది ఆటోలోనే ఉంటే, ఎండలో ఉన్న సెన్సార్ డబ్బాని స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. లైటు టక్కున ఆరిందా? రిలే లోపలి కాంటాక్టులు (కరెంటుని కలిపే లోహపు మొనలు) అతుక్కుపోయాయి. తట్టితే విడిపోయాయి కాబట్టి బాగైందనుకోకండి, రేపో ఎల్లుండో మళ్లీ అతుక్కుంటాయి.

అసలు ఎందుకు అతుక్కుంటాయి? లెక్క వేస్తే తప్పేమీ కనిపించదు. యాభై వాట్ల ఎల్ఈడీలు పది వేశారనుకోండి, మొత్తం ఐదు వందల వాట్లు. 230 వోల్టుల మీద అది రెండు ఆంపియర్ల పైచిలుకు. సెన్సార్ మీద ఆరు ఆంపియర్లని రాసుంటుంది. చాలదా అంటారు. నడిచేటప్పుడు చాలుతుంది, వేసిన ఆ క్షణంలో చాలదు. ఎల్ఈడీకి తగ్గట్టు కరెంటు సర్ది ఇచ్చే డ్రైవర్ లోపల, కరెంటుని దాచుకునే కెపాసిటర్ ఉంటుంది. ఖాళీగా ఉన్న ఆ కెపాసిటర్ స్విచ్ వేయగానే ఒక్క గుక్కలో కరెంటు లాగేస్తుంది. సెకనులో వెయ్యో వంతు కూడా ఉండని ఆ గుక్కలో ఒక్కో డ్రైవరే పదుల ఆంపియర్లు లాగగలదు. పది డ్రైవర్లు ఒకేసారి లాగితే రిలేలోని చిన్న కాంటాక్టు మొన కరిగి వెల్డింగ్ అయిపోతుంది. విప్పి చూస్తే ఆ మొన మీద నల్లటి గుంట, పక్కన ఆవగింజంత వెండి బొట్టు కనిపిస్తాయి.

అందుకే రెండు మూడు లైట్లు దాటితే మధ్యలో కాంటాక్టర్ పెట్టమంటాను. సెన్సార్ ఇచ్చే ఫేజ్ కాంటాక్టర్ ఏ1కి, న్యూట్రల్ ఏ2కి (ఇవి కాయిల్ రెండు కొసలు). లైట్ల ఫేజ్ మెయిన్ కాంటాక్టుల గుండా పోవాలి. లైట్లు ఎక్కువైతే రెండు మూడు భాగాలు చేసి ఒక్కోదానికి వేరే ఎంసీబీ ఇవ్వండి. ఈ ఖర్చుకి వెనకాడి ఏటా సెన్సార్లు మార్చేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

తట్టినా ఆరలేదంటే, సెన్సార్‌కి వెళ్లే న్యూట్రల్ ఊడిందేమో చూడండి. వీధి లైట్లకి వేసే ఫోటోసెల్స్ (ఇవీ ఇలాంటి సెన్సార్లే) చాలావాటిని చెడిపోతే లైటు వెలుగుతూనే ఉండేలా తయారుచేస్తారు, చీకటి కంటే వృథా నయమని. కాబట్టి దానికి సప్లై అందకపోయినా లైటు వెలుగుతూనే ఉండొచ్చు.

అసలు వెలగనే వెలగదు

పగలే సెన్సార్ కంటి మీద నల్ల ఇన్సులేషన్ టేపు రెండు పొరలు అంటించి నిమిషం ఆగండి. డిలే ఉంటుంది కాబట్టి తొందరపడకూడదు. 'టిక్' వినిపించినా లైటు రాలేదంటే తప్పు ముందుకు ఉంది. బల్బు, డ్రైవర్, జాయింటు, కాంటాక్టర్ వరసగా చూడండి. టిక్ లేకపోతే సెన్సార్‌కి ఫేజ్, న్యూట్రల్ అందుతున్నాయా అని మీటర్ పెట్టండి. అందుతున్నా కదలకపోతే అప్పుడు నిజంగా సెన్సార్ పోయినట్టు. వైర్ల రంగులు కంపెనీని బట్టి మారతాయి, డబ్బా మీది బొమ్మ చూసే కట్టండి.

సాయంత్రం బాక్సులోంచి గరగరమని చప్పుడు

కాంటాక్టర్ సగం పట్టి సగం వదులుతోంది. కొండ పల్లెల్లో ఏడింటి వేళ వోల్టేజీ దిగుతుంది కదా, కారణం చాలాసార్లు అదే. 230 వోల్టుల కాయిల్ గట్టిగా పట్టడానికి అందులో 85 శాతం, అంటే 195 వోల్టుల దాకా కావాలి. ఎల్ఈడీలు అంతకంటే తక్కువలోనూ వెలుగుతాయి కాబట్టి ఇంట్లో ఎవరికీ వోల్టేజీ తగ్గినట్టే తెలియదు, కాంటాక్టర్ ఒక్కటే గిలగిల్లాడుతుంది. అది కొట్టుకునే కొద్దీ కాంటాక్టులు కాలతాయి, కాయిల్ వేడెక్కుతుంది. చప్పుడు వచ్చేటప్పుడే ఏ1, ఏ2 మధ్య కొలవండి. మెయిన్ దగ్గర సరిగా ఉండి ఇక్కడ తక్కువైతే దారిలో జాయింటు లూజు. రెండు చోట్లా బాగుంటే ఎంసీబీ దించి కాంటాక్టర్ విప్పండి. అయస్కాంతం ముఖాల మధ్య తుప్పో, నలిగిన చీమలో ఉంటాయి.

ఆర్పినా సన్నగా మిణుకుమంటుంది

దీన్ని చిన్న విషయంగా వదిలేయకండి. ఫేజ్‌కి బదులు న్యూట్రల్‌ని సెన్సార్ గుండా తిప్పితే లైటు ఆరినట్టు కనిపిస్తుంది, హోల్డరులో మాత్రం ఫేజ్ అలాగే ఉంటుంది. లైటు ఆరింది కదా అని నిచ్చెనెక్కి చెయ్యి పెట్టిన మనిషికి ప్రాణాపాయం. అదే రోజు వైరు మార్చి కట్టించండి. ఫేజే తెగుతున్నా మిణుకుతుంటే, రిలే లేని ఎలక్ట్రానిక్ రకం సెన్సార్ అయ్యుండొచ్చు, రిలే రకం వేస్తే పోతుంది.

టైమర్ పెట్టాం, రోజురోజుకీ వేళ తప్పుతోంది

బ్యాటరీ లేని టైమర్ కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది. నలభై నిమిషాల కోత అంటే రేపటి నుంచి నలభై నిమిషాల ఆలస్యం. పైగా మన పర్లాకిమిడిలో డిసెంబరులో ఐదుంబావు దాటగానే పొద్దు గుంకితే, జూన్‌లో ఆరున్నర అవుతుంది. ఒకే వేళ ఏడాదంతా పనికిరాదు. అక్షాంశ రేఖాంశాలు ఇస్తే సూర్యాస్తమయం తానే లెక్కేసుకునే ఆస్ట్రో టైమర్లు ఉన్నాయి. ఊరికి 18.8, 84.1 అని ఇస్తే చాలు. కన్ను లేదు కాబట్టి దుమ్ము, పొరుగు లైటు గొడవ కూడా ఉండదు. గుడికి, మిల్లుకి నేను ఇదే చెబుతాను.

ఇదంతా మీ మీటరు దాటి మీ ఇంటి వైపున్న లైట్లకే. వీధి స్తంభం మీది లైటు పగలంతా వెలుగుతుంటే ఎక్కకండి, కర్రతో తట్టకండి. స్తంభం మీది నంబరు రాసుకుని, ఏ వేళ వెలుగుతోందో, లెక్క ప్రకారం ఆరుతోందో లేదో కూడా కలిపి లైన్‌మన్‌కి చెప్పండి. ఆ ఒక్క ముక్క వల్ల అతను ఏ సామాను పట్టుకురావాలో ముందే తెలుసుకుంటాడు.