పక్కవాళ్ళ వ్యాసం దిద్దమంటే వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

తొమ్మిదో తరగతిలో వ్యాసం రాయించి "నోట్‌బుక్కులు మార్చుకుని దిద్దండి" అంటే ఏం జరుగుతుందో తెలుగు మాస్టార్లకు, టీచర్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. సగం మంది "బాగుంది" అని రాసి ఇచ్చేస్తారు. కొందరు ఎర్ర పెన్ను కోసం వెతుకుతారు. వెనక బెంచీలో ఎవరో ఒకరి వాక్యాన్ని పైకి చదివి నవ్విస్తుంటారు. ఇందులో పిల్లల తప్పు తక్కువ. చదవమని చెప్పకుండా దిద్దమన్నది మనమే.

"బాగుంది" తప్ప ఇంకేమీ రాయరు

కారణం: ఏం చూడాలో తెలియదు. తెలిసినా స్నేహం చెడుతుందని టెన్షన్. రేపు నా నోట్‌బుక్కు వాడి చేతికే వెళ్తుందన్న లెక్క కూడా ఉంటుంది.

పరిష్కారం: నచ్చిన ఒక్క వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, ఎందుకు నచ్చిందో రాయమనండి. తర్వాత, ఇంకా తెలుసుకోవాలనిపించిన చోట ఒక ప్రశ్న. "మేము జాతరకు వెళ్ళాము. చాలా బాగా జరిగింది. అందరం సంతోషంగా ఇంటికి వచ్చాము." ఇందులో అక్షరదోషం లేదు, జాతర కూడా లేదు. "వర్ణన తక్కువైంది" అని రాస్తే రాసినవాడికి ఏం చేయాలో తోచదు. "అక్కడ ఏం కొనుక్కున్నావు? ఎవరితో వెళ్ళావు?" అని అడిగితే ఆ జవాబే కొత్త పేరా అవుతుంది.

పేజీ నిండా ఎర్ర గీతలు, అన్నీ ఒత్తులూ దీర్ఘాలే

కారణం: పిల్లలకు తెలిసిన దిద్దుబాటు మనం చేసేదే. పైగా "బాష"ను "భాష" చేయడం సులువు. పేరా ఎక్కడ గాడి తప్పిందో చెప్పడం కష్టం.

పరిష్కారం: ఎర్ర పెన్ను పక్కన పెట్టించండి. మొదటిసారి చదివేటప్పుడు చేతిలో ఏమీ ఉండకూడదు. రెండోసారి పెన్సిల్. అక్షరదోషం కనబడితే దాన్ని సరిచేయకుండా ఆ వరుస పక్కన మార్జిన్‌లో చుక్క మాత్రమే పెట్టాలి. తప్పు ఎక్కడుందో వెతికి దిద్దుకోవాల్సింది రాసినవాళ్ళే. ఒక్కో వారం ఒక్కో రకం చాలు: ఈసారి ల-ళ, వచ్చేసారి శ-ష-స.

వాక్యం అతకకపోవడం వేరే సంగతి. "మేము జాతరకు వెళ్ళి వాన మొదలైంది" అన్న వాక్యంలో వెళ్ళింది మనం, మొదలైంది వాన. రెండు పనులకూ కర్త ఒకటి కాదు కాబట్టి "వెళ్ళి" కుదరదు, "వెళ్ళగానే" కావాలి. "వెళ్ళి" లాంటి రూపానికి వ్యాకరణంలో ఉన్న క్త్వార్థకం అన్న పేరు గుర్తులేని పిల్లలు కూడా పైకి చదివితే ఇక్కడ ఆగిపోతారు. ఆగిన చోట చిన్న అడ్డగీత పెట్టమనండి.

ఏడుపు, అలక, కొట్లాట

కారణం: మాట రాతను వదిలి మనిషి మీదికి వెళ్ళింది. "నీకు రాయడమే రాదు", "ఏం రాశావురా ఇది?"

పరిష్కారం: వ్యాఖ్యను "నువ్వు"తో మొదలుపెట్టవద్దని ఒక్క నియమం పెట్టండి. "ఈ పేరాలో ఎవరు మాట్లాడుతున్నారో నాకు అర్థం కాలేదు" అంటే అది చదివినవాడి ఇబ్బంది. దానికి ఎవరూ చిన్నబుచ్చుకోరు. రాసినవాళ్ళు ఒప్పుకోకుండా ఎవరి వాక్యాన్నీ క్లాసులో పైకి చదవకూడదు. ఈ విషయంలో మాత్రం కచ్చితంగా ఉండాలి, సరదాకైనా సరే.

ఇంటి మాటను తప్పుగా కొట్టేశారు

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది ఇదే. కథలో నాయనమ్మ "మీ నాయిన పొద్దుగాల్నే పోయిండు" అంటుంది. పక్కవాడు దాన్ని కొట్టేసి "మీ నాన్న ఉదయమే వెళ్ళాడు" అని రాస్తాడు. తనకు తెలియకుండానే ఆ నాయనమ్మను తప్పుపట్టాడు. ఉత్తరాంధ్రలో "ఏమిటి" అనడానికి వాడే "ఏటి"కీ ఇదే గతి పడుతుంది.

కారణం: పుస్తకంలో కనబడని మాటంతా తప్పేనన్న నమ్మకం. తెలంగాణలో కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో గిడుగు రామమూర్తి పుట్టిన ఆగస్టు 29న భాషా దినోత్సవం జరుపుతాం. జనం మాట్లాడే భాష కోసం నిలబడినవాళ్ళే ఇద్దరూ. ఆ మర్నాడే నోట్‌బుక్కులో "పోయిండు" మీద గీత పడుతుంది.

పరిష్కారం: గీసే ముందు రెండు ప్రశ్నలు. ఈ మాట ఎవరు అంటున్నారు? ఎవరు చదువుతారు? కథలో పాత్ర అంటే అలాగే ఉంచాలి. మురుగుకాలువ గురించి పంచాయతీ కార్యదర్శికి రాసే లేఖ అయితే, "ఇక్కడ పుస్తక భాష వాడదామా?" అని అడగవచ్చు. మాట తెలియకపోతే అర్థం అడగాలి, కొట్టేయకూడదు.

గైడులోంచి దింపేశారని తెలుసు, చెప్పలేరు

దొంగను పట్టించే పని పిల్లలకు అప్పజెప్పకండి. "ఇందులో మీ ఊరి సంగతి ఒకటి చేర్చు" అని రాస్తే చాలు. మిగతాది మీరు చూసుకోండి.

చెప్పినవన్నీ మార్చేస్తారు, లేదా ఒక్కటీ మార్చరు

కలం రాసినవాళ్ళదేనని ముందే చెప్పండి. వచ్చిన సూచనల్లో ఒకటి పాటించి, ఒకటి వద్దనుకుని, ఎందుకు వద్దనుకున్నారో కింద ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం చూస్తే రాసినవాళ్ళు ఆలోచించారో లేదో మీకే తెలిసిపోతుంది.

జతలో ఒకరికి చదవడమే కష్టం

ఈ జతను విడదీయకండి. రాసినవాళ్ళే తమ వ్యాసాన్ని మెల్లగా చదివి వినిపించాలి. వినేవాళ్ళు అర్థం కాని చోట చెయ్యెత్తితే చాలు. అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లలకూ కథ ఎక్కడ తెగిందో చెవికి తెలుస్తుంది.