ఐసీయూలో పెద్ద వయసు పేషెంట్లు: కొత్తగా చేరిన నర్సులకు

మానిటర్లు అన్ని బెడ్లకీ చాలని, వెంటిలేటర్ కోసం ఎదురుచూసే ఐసీయూల్లోనే నా సర్వీసంతా గడిచింది. ఎనభై ఏళ్ల మనిషి రాగానే వయసు చూసి ఆశ వదిలేయకండి. ఈ జబ్బు చేయకముందు, రెండు వారాల కిందట ఎలా ఉండేవారో ముందు కనుక్కోండి.

"బాగానే ఉండేవారా?" అంటే ఇంటివాళ్లు అవుననే అంటారు. "స్నానం తనే చేసేవారా? మందులు ఎవరిస్తారు? మంచం మీంచి లేవాలంటే ఎవరైనా పట్టుకోవాలా?" అని అడగండి. ఈ జవాబులతోనే క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్‌పై, అంటే మనిషి ఎంత బలహీనపడ్డాడో చెప్పే కొలతపై, 1 నుంచి 9 వరకు స్కోరు వేస్తారు. 5 నుంచి పైకి పోయేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. స్కోరు కేస్ షీట్‌లో రాయండి. అయితే అదొక్కటే చూసి బెడ్ ఇవ్వనంటే మాత్రం నేను ఒప్పుకోను.

పెద్దవాళ్లలో సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) ఉన్నా ఒక్కోసారి జ్వరం రాదు. నిన్న చక్కగా మాట్లాడిన మనిషి ఇవాళ మగతగా ఉంటే వెంటనే అనుమానించండి. ఊపిరి నిమిషం నిండా లెక్కపెట్టండి. 22 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టర్‌కి చెప్పండి. చూపుడువేలి కొసని 10 సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. తెల్లబడ్డచోట 3 సెకన్లలోపు రంగు రాకపోతే రక్తప్రసరణ సరిగ్గా లేనట్టే. దీనికి ల్యాబ్ అక్కర్లేదు.

డెలీరియం (జబ్బులో ఉన్నట్టుండి మతి గందరగోళపడడం) అంటే అరిచి గోల చేయడమే కాదు, ఉలుకూపలుకూ లేకుండా పడుకోవడం కూడా. అలాంటివాళ్లే మన కంటికి చిక్కకుండా పోతారు. ఒక మామ్మగారు పొంతన లేకుండా మాట్లాడుతున్నారని షీట్‌లో రాసేశారు. కూతురు చెవి మెషిన్ తెచ్చి పెట్టాక ఆవిడ మా అందరి పేర్లూ అడిగి తెలుసుకున్నారు. కళ్లజోడు, చెవి మెషిన్, కట్టుడుపళ్లు మొదటిరోజే తెప్పించండి. రాత్రి లైట్లు తగ్గించండి. నిద్రమాత్ర అడిగే ముందు నొప్పి ఉందేమో, మూత్రం బిగిసిందేమో చూడండి. అవసరం తీరిన కాథెటర్ (మూత్రం గొట్టం) తీసేయమని మీరే గుర్తుచేయండి.

వద్దని చెప్పకపోతే తలవైపు కనీసం 30 డిగ్రీలు ఎత్తులో ఉంచండి. బల్లపరుపు మంచమైతే నడుము దగ్గర నుంచే ఎత్తు రావాలి. ఒట్టి తలకింద దిండ్లు పేరిస్తే మెడ వంగి ఊపిరి కష్టమవుతుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పి, నడుము కింద చర్మం, మడమలు చూడండి. బీపీ నిలకడగా ఉంటే డాక్టర్‌ని అడిగి కాళ్లు కిందకి వేలాడేసి కూర్చోబెట్టండి.

వెంటిలేటర్ పెట్టే ముందు, టైముంటే, ఇంటివాళ్లని కూర్చోబెట్టి మాట్లాడమని డాక్టర్‌ని అడగండి. ఎన్ని రోజులు చూస్తారో, ఏ మార్పు వస్తే మెరుగనుకోవాలో, రాకపోతే ఏం చేస్తారో అప్పుడే తేలాలి. పేషెంటు తనకేం కావాలని గతంలో అన్నారో కూడా అడిగి షీట్‌లో రాసిపెట్టండి, రాత్రి డ్యూటీవాళ్లకి అదే దారి చూపిస్తుంది.