బరువైన కుండీలు జరపడానికి ఏ బండి కొనాలి?

బండి చూసేముందు కుండీ బరువు తేల్చుకోండి. చాలామంది ఖాళీ కుండీని ఎత్తి చూసి, దానికి కొంత కలిపి ఊహిస్తారు. అసలు బరువంతా తడి మట్టిది. కుండీ లోపలి పై వెడల్పులో సగాన్ని అదే అంకెతో హెచ్చించి, దాన్ని 3.14తోనూ మట్టి లోతుతోనూ హెచ్చించండి. కొలతలు సెంటీమీటర్లలో తీసుకుని వచ్చినదాన్ని 1000తో భాగిస్తే లీటర్లు తెలుస్తాయి. కుండీ కిందికి సన్నబడుతూ ఉంటే అందులో ముప్పావు వంతు తీసుకుంటే చాలు. అలా సన్నబడుతూ, లోపలి పై వెడల్పు 45 సెం.మీ., లోతు కూడా అంతే ఉన్న కుండీలో సుమారు 53 లీటర్లు పడతాయి. బాగా తడిసిన తోటమట్టి లీటరుకు 1.6 నుంచి 1.8 కిలోలు తూగుతుంది. అంటే మట్టే 85 కిలోలు దాటింది. 3 సెం.మీ. మందం ఉన్న సిమెంటు కుండీ అయితే దానికదే 40 కిలోల పైమాట. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఎక్కువ కలిపిన మిశ్రమం లీటరుకు కిలో అటూఇటూ ఉంటుంది కాబట్టి మీ మిశ్రమాన్ని బట్టి లెక్క మార్చుకోండి. జరిపే ముందు రెండు మూడు రోజులు నీళ్లు ఆపితే, ఆరిన ప్రతి లీటరు నీటికీ ఒక కిలో తగ్గినట్టే.

ఆ తర్వాత చూడాల్సింది నేల. నునుపు గచ్చు, టైల్స్ అయితే కుండీ కింద పెట్టే చక్రాల పీట సరిపోతుంది. కొనేటప్పుడు అందరూ పీట అందం చూస్తారు గానీ చూడాల్సింది చక్రం ఎత్తు. 50 మి.మీ. చక్రం 10 మి.మీ. గట్టు ఎక్కాలంటే, దాని మీదున్న బరువుకు 1.3 రెట్లు బలంతో తోయాలి. 250 మి.మీ. చక్రానికి అదే గట్టు దగ్గర బరువులో సగం కూడా అక్కర్లేదు. చిన్న చక్రాల పీట టైల్స్ సందులో ఇరుక్కుని, పైన కుండీ ముందుకు ఒరగడానికి కారణం ఇదే.

నాలుగు చక్రాల పీట అన్నారని బరువును నాలుగుతో భాగించకండి. నేల కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే మూడే ఆనుతాయి, నాలుగోది గాల్లో ఉంటుంది. 140 కిలోల కుండీకి ఒక్కో చక్రం కనీసం 47 కిలోలు మోయాలి. 60 కిలోలు మోసే చక్రాలున్న పీట తీసుకుంటే నిశ్చింత. రెండు చక్రాలకైనా బ్రేకు ఉండాలి. ఎండలో ఉండే పీటకు ప్లాస్టిక్ వద్దు, ఏళ్ల తరబడి ఎండ తగిలితే పెళుసెక్కి ఒక్కసారిగా విరుగుతుంది. గట్టి నైలాన్ చక్రాలు తేలిగ్గా తిరిగినా టైల్స్ మీద గీతలు పెడతాయి. రబ్బరు తొడుగు ఉన్నవి మేలు.

మట్టి, గడ్డి, కంకర దారులకు రెండు చక్రాల నిలువు ట్రాలీయే సరైనది. గాలి నింపే 10 అంగుళాల టైర్లు ఉన్నదే తీసుకోండి. కింది పలక కుండీ అడుగులో కనీసం సగం దాకా వెళ్లాలి. పలక పొట్టిగా ఉంటే బండిని వంచగానే కుండీ ముందుకు జారిపోతుంది. వీపు భాగం లోపలికి వంపు తిరిగి ఉంటే గుండ్రటి కుండీ దొర్లకుండా కుదురుకుంటుంది.

ఎక్కించే పద్ధతి ఇది. గునపం కొనను కుండీ అంచు కిందికి పోనిచ్చి, గునపం కింద చెక్కముక్క పెట్టి 2 లేదా 3 సెం.మీ. లేపండి. అప్పుడే ఆ సందులో మరో చెక్కముక్క దూర్చండి, వేళ్లు మాత్రం పెట్టొద్దు. పలకను లోపలికి తోసి, కుండీ నడుముకూ బండికీ కలిపి బిగింపు పట్టీ కట్టండి. పట్టీ కింద గోనెసంచి మడత పెడితే కుండీ గీసుకుపోదు. చక్రాలకు ఒక కాలు అడ్డం పెట్టి హ్యాండిల్‌ను మీవైపు లాగండి. చేతుల మీద బరువు దాదాపు తెలియని వంపు ఒకటి ఉంటుంది, అక్కడ ఆపండి. హ్యాండిల్ కిందికి లాగుతుంటే ఎక్కువ వంచారు, ముందుకు లాక్కుపోతుంటే తక్కువ వంచారు. వాలు మీద ఎక్కినా దిగినా మీరు ఎప్పుడూ ఎగువనే ఉండాలి. పట్టు తప్పితే కింద ఉన్నవాళ్ల మీదికే వస్తుంది.

నేల మెత్తగా ఉంటే టైరు దిగబడుతుంది. దారిపొడవునా పలకలు పరచక్కర్లేదు, రెండు ప్లైవుడ్ ముక్కలుంటే దాటిన దాన్ని తీసి ముందుకు వేస్తూ పోవచ్చు.

ఏడాదికి ఒకసారి జరిపే కుండీకి బండి కొనడం దండగ అనిపిస్తే, బలమైన పలక మీద కుండీ ఎక్కించి కింద రెండంగుళాల ఇనుప పైపు ముక్కలు నాలుగు వేయండి. వెనక్కి వచ్చిన పైపును తీసి ముందు పెడుతూ సాగించాలి. చదునైన గచ్చు మీద ఇది ఎంత బరువునైనా కదిలిస్తుంది గానీ వాలు ఉన్నచోట దీని జోలికి పోవద్దు.

మెట్లుంటే చేతిపట్టీలే, అంటే కుండీ చుట్టూ బిగించి చేతులతో ఎత్తే పట్టీలే దిక్కు. మనిషికి 25 కిలోలు మించకుండా చూసుకోండి, ఇద్దరైతే 50, నలుగురైతే 100. పైకి వెడల్పయ్యే కుండీలకు పట్టీ అంచు కింద బిగుసుకుని బాగా ఆగుతుంది. మూతి దగ్గర సన్నబడే కుండీలకు మాత్రం జారిపోతుంది, వాటికి వాడొద్దు.

ఏ సాధనంతో జరిపినా కుండీ అంచు పట్టుకుని గుంజకండి. పగుళ్లు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. నేల మీద చాలాకాలం ఉన్న కుండీని లేపే ముందు అడుగున చూడండి. వేర్లు చిల్లు దాటి మట్టిలోకి దిగి ఉంటాయి. కత్తితో కోయకుండా బలవంతంగా లాగితే కుండీ కదలదు సరికదా, వేర్లు తెగి మొక్క వాడిపోతుంది. కోసిన తర్వాత వారం పాటు నీడలో ఉంచండి. కొత్త చోట కుండీ కింద మూడు ఇటుక ముక్కలు పెడితే వేర్లు మళ్లీ నేలను అందుకోవు, పైగా వచ్చేసారి ట్రాలీ పలక దూర్చడానికి గునపంతో పని ఉండదు.